పోపు పెడితే ఫైరింజనొచ్చింది!

విదేశీ హాస్టల్లో తెలుగు విద్యార్థికి ఎదురయ్యే చిన్నాచితకా ఇక్కట్లు చాలావరకు తెలియనితనం వల్ల రావు. ఇక్కడ బాగా అలవాటైన పద్ధతిని అక్కడా అలాగే నడిపించబోవడం వల్ల వస్తాయి. హైదరాబాద్‌లోని కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గేటు తీయడానికి వాచ్‌మన్ ఉంటాడు. వండడానికి వంటామె, ఊడ్చి చెత్త ఎత్తడానికి పనామె, అద్దె వసూలుకూ అలకలు తీర్చడానికీ ఓనరు ఉంటారు. బెర్లిన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఈ పనుల్లో కొన్ని యంత్రాలు చేస్తాయి, మిగతావి గోడకంటించిన కాగితం చూసి ఎవరికి వాళ్లే చేసుకోవాలి. మనిషినైతే బతిమాలుకోవచ్చు. సీలింగుకు బిగించిన పొగ డిటెక్టరు ఎంత బతిమాలినా వినదు.

హాస్టళ్ల పేట

హైదరాబాద్ తూర్పు కొసన హాస్టళ్లు ఇంతగా పెరగడానికి మొదటి కారణం రోడ్డు. విజయవాడ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి, అంటే పాత తొమ్మిదో నంబరు హైవే, ఎల్బీనగర్ దగ్గర నగరంలో అడుగుపెడుతుంది. నాగార్జునసాగర్ రోడ్డూ అక్కడికే చేరుతుంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి పెట్టె పట్టుకుని వచ్చే పిల్లలు ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోకుండా ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో దిగిపోతారు. దిగిన చోటే గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, పోలీసు ఉద్యోగాల కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. వాటి పక్కనే విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, ఐఈఎల్‌టీఎస్ క్లాసులు వచ్చాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక, సాఫ్ట్‌వేర్ కోర్సు అమీర్‌పేటలో, మంచం కొత్తపేటలో అన్న ఏర్పాటు సులువైంది.

కొత్తపేట అనగానే పాతవాళ్లకు గుర్తొచ్చేది మాత్రం పండ్ల మార్కెట్టే. 2021లో అది బాటసింగారానికి తరలిపోయింది, ఆ స్థలాన్ని టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. ఈ పేట పక్కన ప్రైవేటు హాస్టళ్లన్నిటికంటే పాత హాస్టలు ఒకటుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో, అనాథ పిల్లల కోసం పెట్టిన విక్టోరియా మెమోరియల్ హోమ్ అది. రోజూ మెట్రోలో ఆ పేరు గల స్టేషన్లో దిగే వేలమందిలో, అది విక్టోరియా రాణి స్మృతిగా వెలసిన పిల్లల వసతిగృహం పేరని ఎందరు గమనించారో చెప్పడం కష్టం.

ఇక్కడి ప్రైవేటు హాస్టలు హాస్టలు కోసమని కట్టింది కాదు. చాలాచోట్ల అది ఒకప్పటి ఇల్లో, కాలేజీ మూతపడ్డ భవనమో, అంతస్తుపై అంతస్తు వేసిన అపార్ట్‌మెంటో. గదులు టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ లెక్కన ఇస్తారు. ఇనుప మంచం, పరుపు, తాళం వేసుకునే చిన్న బీరువా, ఒక ఫ్యాను. తిండి అద్దెలోనే కలిసి ఉంటుంది. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో, మధ్యాహ్నం బాక్సు, రాత్రి అన్నం, పప్పు, నీళ్ల చారు, ఆదివారం చికెన్. కూర నచ్చకపోతే సందు చివర కర్రీ పాయింట్ ఉండనే ఉంది. ట్యాంకులో నీళ్లయిపోతే పైఅంతస్తు కిటికీలోంచి “అంకుల్, జర మోటర్ వెయ్యండి” అని ఒక్క కేక చాలు. రాత్రి ఆలస్యమైతే గేటు దగ్గర ఫోను. వంటింటి ఆంటీతో మంచిగా ఉంటే పరీక్ష రోజు ఇంకో అప్పడం. ఇక్కడి వ్యవస్థ అంతా ఈ పిలుపుల మీదే నడుస్తుంది.

ఆ వ్యవస్థ ఒక్కసారి కుప్పకూలింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలవగానే చాలామంది ఓనర్లు మెస్సులు మూసి, గదులు ఖాళీ చేయమన్నారు. పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. పాసు దొరికి బైకుల మీద బయల్దేరినవాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ అధికారులు ఆపేశారు. అటు ఇల్లూ లేదు, ఇటు హాస్టలూ లేదు. పిలుపుల మీద నడిచే హాస్టల్లో రాతపూర్వక ఒప్పందం ఉండదన్న సంగతి ఆ రోజుల్లో బాగా తెలిసొచ్చింది.

పెట్టెలో ఆవకాయ

తెలుగువాడి విదేశీ పాట్లకు సాహిత్యంలో వందేళ్ల చరిత్ర ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ తొలి భాగం 1924లో వచ్చింది. రచయిత స్వయంగా ఎడింబరోలో చదువుకున్నవాడు, మొగల్తూరులో బయల్దేరిన ఆయన కథానాయకుడూ అక్కడికే చేరతాడు. ఇప్పుడు ఓడ స్థానంలో విమానం వచ్చింది, తూకం మాత్రం కచ్చితమైంది. అమెరికా వెళ్లే విద్యార్థికి మామూలుగా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో పెట్టెతో పాటు కొక్కెం కాటా కూడా కొంటారు. వీసా వచ్చాక చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు ముగించిన రాత్రి నుంచి ఇంట్లో తూకాలు మొదలవుతాయి.

ఆవకాయ చేతి సంచిలో పోదు. విమానం లోపలికి తీసుకెళ్లే ద్రవాలు, పేస్టులకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది, నూనె తేలే పచ్చడిని సెక్యూరిటీవాళ్లు ఆ లెక్కలోనే వేస్తారు. అందుకే పచ్చడి పెద్ద పెట్టెలోకి చేరుతుంది. ఒక కవరు, దాని మీద ఇంకో కవరు, టేపు చుట్టలు, ఆ మూటను ప్రెజర్ కుక్కర్లో పెట్టి, కుక్కరు చుట్టూ లుంగీ. ఇంత చేసినా విమానం పొట్టలో పెట్టెల మీద పెట్టెలు పడి నూనె కారితే, అక్కడి మొదటి వారమంతా ఇస్త్రీ చొక్కాలు ఆవపిండి వాసన వేస్తాయి.

నూనె కారితే చొక్కా పోతుంది, నిషిద్ధ వస్తువు దొరికితే పని పెద్దదవుతుంది. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికా కస్టమ్స్ దాటవు. యూరప్, బ్రిటన్‌లకు మాంసంతో పాటు పాల పదార్థాలూ నిషేధమే, అంటే అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా ఇంట్లో వదిలి వెళ్లాల్సినవి. పచ్చి కరివేపాకు కూడా అమెరికాకు తీసుకెళ్లరాదు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగుకు కరివేప చెట్టు ఆశ్రయమిస్తుంది, కాలిఫోర్నియా, ఫ్లోరిడా రైతుల భయం అదే. ఆస్ట్రేలియాలో తినే వస్తువు ఏదున్నా దిగేముందే కార్డు మీద రాయాలి. దాచి దొరికితే జరిమానాతో పాటు వీసా రద్దు చేసే అధికారం కూడా అధికారులకుంది. అన్నిటికంటే ప్రమాదం గసగసాలతో. ఇక్కడ మసాలా కూరకు చిక్కదనమిచ్చే దినుసు యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల పెట్టెలో మసాలా పొట్లం కట్టేవాళ్లు ఇది తెలుసుకుని తీరాలి.

తలుపు మూసుకుపోయింది

జర్మనీకి శనివారం రాత్రి చేరిన విద్యార్థికి మొదటి దెబ్బ ఆదివారం తగులుతుంది. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో అడుగు తీసి అడుగు వేయలేని రోజు. జర్మనీలో పెద్ద రైల్వే స్టేషన్లలోని అంగళ్లు, బేకరీల వంటివి తప్ప దుకాణాలు చట్టప్రకారం మూత. హాస్టలు ఆఫీసూ మూతే, తాళంచెవి ఇచ్చేవాడు సోమవారం గాని రాడు. సీనియర్ల గదిలో నేల మీద పడుకుని, పెట్టెలోని చకినాలతో పూట గడిపినవాళ్లు లెక్కలేనంతమంది.

తాళంచెవి చేతికొచ్చాక తలుపు సంగతి. జర్మన్ గదుల తలుపుకు లోపల పిడి ఉంటుంది, బయట తిరగని గుబ్బ మాత్రమే ఉంటుంది. గాలికి తలుపు పడిందంటే చెవి లేకుండా తెరుచుకోదు. కొత్తపేట అలవాటున తువ్వాలు చుట్టుకుని, సబ్బుపెట్టె పట్టుకుని వరండా చివరి స్నానాల గదికి వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి చెవీ, ఫోనూ, చెప్పులూ అన్నీ లోపలే. అక్కడి భవన సంరక్షకుడిని హౌస్‌మైస్టర్ అంటారు. ఆయనకు పనివేళలుంటాయి. రాత్రి పూటో ఆదివారమో బయటి తాళాలవాడిని పిలిస్తే నెల తిండి ఖర్చంత బిల్లు వేయగలడు. చెవి పోగొట్టుకోవడం అంతకన్నా పెద్ద నష్టం. ఒకే చెవితో గేటూ, గదీ, లాండ్రీ అన్నీ తెరుచుకునే ఏర్పాటున్న చోట మొత్తం తాళాలు మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు వేల యూరోల్లో ఉంటుంది. అక్కడ విద్యార్థులు కూడా పరులకు కలిగే నష్టానికి బీమా తీసుకునేది ఇందుకే.

ఉత్తరాల పెట్టెది ఇంకో కథ. జర్మనీలో పోస్ట్‌మన్ గది నంబరు చూడడు, పెట్టె మీది పేరు చూస్తాడు. పేరు అంటించని పెట్టెకు వచ్చిన బ్యాంకు కార్డు, ఆ కార్డు పిన్ నంబరు, బీమా కాగితాలు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందా వెనకా అన్న చిక్కు సరేసరి. పెట్టె మీద అసలు పేరు రాసి, బ్యాంకులో ఇంటిపేరు రాయించుకున్నవాళ్ల ఉత్తరాలకూ అదే గతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ల తిప్పలు అమెరికాలో. వీసా మీద వాళ్ల మొదటి పేరు ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. తరగతిలో హాజరు పిలిచేవాళ్లు దాన్నే పేరనుకుని పిలుస్తారు.

వంటగది

ఇక్కట్లన్నిటికీ రాజధాని వంటగదే. అక్కడి హాస్టళ్లలో ఎక్కువ భాగం తిండి పెట్టవు, ఉమ్మడి వంటగది ఇస్తాయి. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా పొయ్యి దగ్గరికి వెళ్లనివాడు, వీడియో కాల్‌లో అమ్మ చెబుతుండగా, మొదటిసారి మూకుడులో నూనె పోసేది ఈ గదిలోనే. తెలుగు పోపుకు నూనె బాగా కాగాలి, ఆవాలు చిటపటలాడాలి, ఎండుమిరపకాయ రంగు తిరగాలి. ఇవి మూడూ జరిగే వేడికి నూనె నుంచి సన్నని పొగ లేస్తుంది. పొగ డిటెక్టరు లోపల చిన్న చీకటి గది, అందులో ఒక కాంతి కిరణం, ఆ కిరణం నేరుగా పడని చోట ఒక కన్ను ఉంటాయి. పొగ రేణువులు లోపలికి చొరబడితే కాంతి చెదిరి కన్ను మీద పడుతుంది, అలారం మోగుతుంది. రేణువులు మంట నుంచి వచ్చాయా, తాలింపు నుంచి వచ్చాయా అన్న తేడా దానికి తెలియదు. అన్నం కుక్కరు ఆవిరికి మోగినవీ ఉన్నాయి.

చాలామంది చేసే అసలు పొరపాటు ఆ తర్వాతిది. బ్రిటన్‌లో అనేక హాస్టళ్ల వంటగదుల్లో వేడిని పసిగట్టే పరికరం మాత్రమే పెడతారు. వంటకు పొగ సహజమని వాళ్లకూ తెలుసు. పొగ డిటెక్టర్లు ఉండేది బయటి వరండాలో. గది నిండా మిరపఘాటు కమ్ముకోగానే మనవాడు కంగారుగా తలుపు బార్లా తీస్తాడు. పొగంతా వరండాలోకి పోతుంది, భవనమంతా గంటలు మొదలవుతాయి. రాత్రి పదకొండింటికి, సున్నా డిగ్రీల చలిలో, రెండు వందల మంది రగ్గులు కప్పుకుని బయట గుమిగూడితే, ఫైరింజన్ దిగిన సిబ్బంది మూడో అంతస్తు వంటగదిలో చల్లారుతున్న పప్పుచారు గిన్నెను పరిశీలిస్తారు. తీయాల్సింది కిటికీ, తలుపు కాదు. కొందరు తెలివిగా డిటెక్టరుకు ప్లాస్టిక్ కవరో సాక్సో తొడుగుతారు. పట్టుబడితే జరిమానా వేస్తారు, హాస్టలు నుంచి పంపేయొచ్చు కూడా.

ఇక్కడి నుంచి మోసుకెళ్లిన అల్యూమినియం కుక్కరు అక్కడి ఇండక్షన్ పొయ్యి మీద పెడితే వేడెక్కదు. ఆ పొయ్యి మంటతో వేడి పుట్టించదు, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంతో గిన్నె అడుగులోనే కరెంటు పుట్టిస్తుంది. అందుకు గిన్నె అడుగు అయస్కాంతానికి అతుక్కునే లోహమై ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్ స్టీలు దుకాణంలో కుక్కరు కొనేటప్పుడు అడుగున ఒక అయస్కాంతం ముక్క తాకించి చూస్తే సరిపోతుంది. రెండు కిలోల బరువు మోసుకెళ్లాక తెలిస్తే అది పచ్చడి పెట్టుకునే డబ్బాగా మిగులుతుంది. పనిచేసే కుక్కరుతోనూ తంటా ఉంది. విజిల్ ఎన్నడూ వినని పక్కగదివాడు ఏదో పేలబోతోందని బయటికి పరుగెత్తిన సందర్భాలు ప్రతి ఊళ్లోనూ చెప్పుకుంటారు.

పసుపు మరకలు ఇంకో రకం. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. తెల్లటి వంటబల్ల మీద పడ్డ పప్పు మరకను సబ్బుతో రుద్దగానే రక్తపు మరకలా మారి, చూసినవాళ్లు గాభరాపడతారు. అదే రంగు ఎండకు తట్టుకోలేదు. బట్ట మీదైతే ఉతికి ఎండలో ఆరేస్తే క్రమంగా పోతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకే లండన్‌లో ఆ ఎండ ఎక్కణ్నుంచి తేవాలన్నదే సమస్య.

మిగిలిన నూనె సింకులో పోయడం ఇక్కడెవరూ తప్పుగా చూడరు. చల్లటి దేశాల్లో అది గొట్టాల్లో గడ్డకడుతుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ ప్రాంతం కింద మురుగు కాల్వలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు ముద్ద బయటపడింది. దాని ముక్కను మరుసటి ఏడాది మ్యూజియంలో కూడా పెట్టారు. పాపమంతా తెలుగు పోపుది కాకపోయినా, హాస్టలు సింకు మీద “నూనె పోయరాదు” అన్న కాగితం ఊరికే అంటించలేదు. గిన్నెలు తోమే యంత్రంలో దాని మాత్ర బదులు చేతితో తోమే లిక్విడ్ పోస్తే నురగ తలుపు సందుల్లోంచి పొంగి వంటగది నేలంతా పరుచుకుంటుంది. ఇది ఒకరి నుంచి ఒకరు విని కూడా మళ్లీ చేసే తప్పు.

బకెట్టూ మగ్గూ

అక్కడి స్నానాల గదుల్లో చాలావాటికి నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. నీళ్లు పోయేది తొట్టిలోంచో, షవరు గడిలోంచో మాత్రమే. బకెట్టూ మగ్గూ కొనుక్కుని, నేల మీద నిలబడి తలంటుకుంటే నీళ్లు కింది అంతస్తు సీలింగులోంచి కారతాయి. కింది గదివాడు పైకొచ్చి తలుపు తట్టేదాకా విషయం తెలియదు.

బట్టలుతకడానికి నేలమాళిగలో ఉమ్మడి యంత్రాలుంటాయి. టోకెన్, కార్డు, లేదా ఫోన్‌లో యాప్. వేళ ముందే రాసిపెట్టుకోవాలి. ముందు తలుపున్న యంత్రంలో చేతి ఉతుకు పొడి గుప్పెడు పోస్తే నురగ నిండి యంత్రం ఆగిపోతుంది. కొత్త ఎర్ర లుంగీని తెల్ల చొక్కాలతో కలిపి 60 డిగ్రీల నీళ్లలో తిప్పినవాడు గులాబీ చొక్కాలతో సెమిస్టరు గడుపుతాడు. ఉన్ని స్వెటరైతే డ్రయ్యరులోంచి తమ్ముడికి సరిపడే సైజులో బయటికొస్తుంది. బట్టలు తీయడం ఆలస్యమైతే తర్వాతివాడు తడి మూటను యంత్రం మీద పడేసి పోతాడు. ఇక్కడైతే డాబా మీది తీగ, రెండు క్లిప్పులు. అక్కడ బాల్కనీలో ఆరేయడం నిషేధించే భవనాలున్నాయి. గదిలో ఆరేస్తే తేమకు గోడకు బూజు పడుతుంది.

ప్లగ్గు పడుతుంది, అన్నం ఉడకదు

ప్లగ్గు మార్చే అడాప్టరు కరెంటును మార్చదు. ఈ ఒక్క ముక్క తెలియక కాలిపోయిన, పనిచేయని పరికరాలు కోకొల్లలు. ఇక్కడి కరెంటు 230 వోల్టులు, అమెరికాది 120. హైదరాబాద్‌లో కొన్న ఎలక్ట్రిక్ కుక్కరును అడాప్టరు పెట్టి డాలస్‌లో తగిలిస్తే లైటు వెలుగుతుంది గాని, వోల్టేజీ సగమైతే వేడి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. గంట తర్వాత మూత తీస్తే గోరువెచ్చటి నీళ్లలో నానిన బియ్యం. ఫిలిప్పీన్స్‌లో కథ తలకిందులు. దవావో నగరంలో తెలుగు వైద్య విద్యార్థులు ఎక్కువ. ఆ దేశపు సాకెట్లు అమెరికా వాటిలా చదునైన పుల్లలకు సరిపోతాయి, కరెంటు మాత్రం 220. అమెరికాలోని బంధువులు పంపిన హెయిర్ డ్రయ్యరు అక్కడ చక్కగా దూరి, క్షణంలో మాడుతుంది. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్లకు ఏ దేశంలోనూ భయం లేదు, వాటి మీద 100 నుంచి 240 వోల్టులని రాసే ఉంటుంది.

చెత్త, చప్పుడు, చలి

జర్మనీలో చెత్తను కాగితం, ప్యాకింగు, కుళ్లేవి, మిగిలినవి అంటూ వేర్వేరు రంగుల డబ్బాల్లో వేయాలి. రంగులు ఊరిని బట్టి మారతాయి. తప్పు డబ్బాలో వేస్తే పారిశుద్ధ్యంవాళ్లు దాన్ని ఖాళీ చేయకుండా పోతారు, అప్పుడు అంతస్తులో అందరి చూపూ కొత్తగా వచ్చినవాడి మీదే. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు కొన్నప్పుడే 25 సెంట్లు అదనంగా పట్టుకుంటారు, ఖాళీది సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే తిరిగిస్తారు. మొదటి నెల సీసాలు పారేసినవాడు, రెండో నెల పార్కులో దొరికిన సీసాలు ఏరుకొస్తాడు.

రాత్రి పది తర్వాత చప్పుడు చేయరాదన్న నియమం ఫోన్ల దగ్గర చిక్కు తెస్తుంది. చలికాలంలో జర్మనీ కంటే భారత్ నాలుగున్నర గంటలు ముందుంటుంది. తెల్లవారి అయిదున్నరకు లేచి అమ్మ చేసే ఫోను అక్కడ రాత్రి ఒంటిగంటకు మోగుతుంది. తెలుగువాళ్లు దూరాన్ని బట్టి గొంతు పెంచుతారు కనుక, పలచటి గోడ అవతలి వాడికి ఊళ్లో ఎవరి పెళ్లి కుదిరిందో కూడా తెలిసిపోతుంది. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో యూరప్ గడియారాలు గంట జరుగుతాయి. ఫోను దానంతట అదే సర్దుకుంటుంది, ఊరి నుంచి తెచ్చుకున్న అలారం గడియారం సర్దుకోదు.

కిటికీ కూడా బెదిరిస్తుంది. జర్మన్ కిటికీ పిడికి మూడు స్థానాలు. కిందికుంటే మూత, అడ్డంగా తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పై అంచు మాత్రం లోపలికి వాలుతుంది. తెరిచి ఉండగా పిడి పైకి తిప్పితే పై కీలు విడిపోయి, మొత్తం అద్దం ఒక మూలన వేలాడుతూ మీద పడబోతుంది. పడదు, అది అలా తయారు చేసిందే. గుండె ఆగినంత పనైనవాళ్లకు ఆ మాట తర్వాత తెలుస్తుంది. చలికి భయపడి కిటికీలు తీయకుండా అన్నం వండి, బట్టలారేసి ఉంటే కిటికీ మూలల్లో నల్లటి బూజు మొదలవుతుంది. రోజుకు కొన్నిసార్లు అయిదు పది నిమిషాలు కిటికీ బార్లా తీయాలన్నది అక్కడి అద్దె ఒప్పందాల్లోనే కనిపించే షరతు.

జ్వరమొస్తే కొత్తపేటలో సందు మొగలోని మెడికల్ షాపతను రెండు మాత్రలు చింపి ఇస్తాడు. విదేశాల్లో యాంటీబయోటిక్ కావాలంటే సాధారణంగా డాక్టరు చీటీ ఉండాలి. బ్రిటన్‌లో వచ్చిన మొదటి వారమే స్థానిక డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. దాన్ని వాయిదా వేసినవాళ్లకు గొంతునొప్పి వచ్చిన రోజు ఆ విషయం గుర్తొస్తుంది.

కమెండాంటు ఉన్న చోట

రష్యా, కిర్గిజిస్థాన్, యుక్రెయిన్ వంటి పాత సోవియట్ దేశాల హాస్టళ్లలో మాత్రం ఇంకా మనుషులే ఉన్నారు. గుమ్మంలో కాపలా కూర్చునే పెద్దావిడ, పైన వార్డెన్ లాంటి కమెండాంటు, గేటుకు వేళలు, గదుల తనిఖీ. నల్లగొండ నుంచి కొత్తపేట మీదుగా బిష్కెక్ చేరిన ఎంబీబీఎస్ విద్యార్థి ఈ పద్ధతికి ఇట్టే అలవాటుపడతాడు. రాత్రి ఆలస్యమైతే చాక్లెట్టు ఇచ్చి ఆ పెద్దావిడను మంచి చేసుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ మాట వినని వస్తువు ఒక్కటే, గదిని వేడిచేసే గొట్టం. వేడినీళ్లు నగరపు విద్యుత్కేంద్రం నుంచి వస్తాయి. ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో నగరపాలకులు నిర్ణయిస్తారు. అక్టోబరు చలిలో మూడు స్వెటర్లతో పడుకున్నవాడే, జనవరిలో గది ఉక్కపోసి కిటికీ తీసుకుని పడుకుంటాడు.

ఆ హాస్టళ్లు చిన్న పాట్లకు మించినవీ చూశాయి. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద రష్యా దాడి మొదలవగానే హాస్టళ్ల నేలమాళిగలే బంకర్లయ్యాయి. ఆపరేషన్ గంగలో 90 విమానాల్లో 18 వేల మందికి పైగా భారతీయులు తిరిగొచ్చారు, వారిలో తెలుగు విద్యార్థులు చాలామంది. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో అల్లరి మూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. బయటికి రావొద్దని భారత రాయబార కార్యాలయం విద్యార్థులకు చెప్పింది.

హాస్టలు జీవితమంటే పత్రికలకు విద్యార్థులే గుర్తొస్తారు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్ వెళుతున్న కార్మికులు ఉండేదీ బంకు మంచాల ఉమ్మడి గదుల్లోనే. వాటిని క్యాంపులంటారు. వంట వంతులవారీగా సాగుతుంది, ఉప్పెక్కువైతే అది ఎవరి వంతో రాత్రంతా చర్చ. ఆ గదుల కథలు ఇంకా రావాల్సినన్ని రాలేదు.

ఖాళీ చేసే రోజు

కొత్తపేటలో హాస్టలు వదలాలంటే నెల ముందు చెప్పాలి, లేకపోతే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాలి. ఇచ్చేటప్పుడు కూడా పరుపు చినిగిందనో, మెయింటెనెన్సనో కొంత తగ్గిస్తారు, అక్కడ బేరం నడుస్తుంది. విదేశంలో బేరం ఉండదు, జాబితా ఉంటుంది. గదిలో చేరిన రోజు గోడ మీది గీతలు, బల్ల మీది మచ్చలు ఫొటోలు తీసి పంపనివాడు, వెళ్లే రోజు ముందరివాడి మచ్చలకూ డబ్బు కడతాడు. జర్మనీలో ఇంటి అద్దెకు డిపాజిట్‌గా ఖర్చులు కలపని మూడు నెలల అద్దెకు మించి అడగరాదని చట్టం ఉంది. అయితే వేడి, నీళ్ల ఖర్చుల లెక్క తేలేదాకా దానిలో కొంత ఆపుకోవచ్చు. డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది, అందుకే బ్యాంకు ఖాతాను వెంటనే మూసేయరు.

ఆ దేశంలో రేడియో, టీవీ రుసుము ఒకటుంది, నెలకు 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకపోయినా. కలిసి ఉండే ఫ్లాటుకు ఒక్కటే రుసుము. తలుపు నేరుగా ఉమ్మడి వరండాలోకి తెరుచుకునే హాస్టలు గదైతే ప్రతి గదినీ వేరే ఇంటిగా లెక్కేస్తారు. మొదట వచ్చే ఉత్తరాలను ప్రకటనలనుకుని చించేసినవాళ్లకు బకాయిలు పేరుకుంటాయి. నగర కార్యాలయంలో చిరునామా రద్దు చేయించుకుని, ఆ కాగితంతో ఈ రుసుమునూ ఆపించుకుంటేనే లెక్క ముగిసినట్టు. ఇది మరిచి విమానమెక్కేసినవాళ్ల పాత చిరునామాకు, పెట్టె మీది పేరు ఎవరూ పీకకపోతే, బిల్లులు వస్తూనే ఉంటాయి.